గొంతు మండని నూనె

"నేను చెయ్యలేదండీ" అని మొదలుపెట్టేవాళ్ళని నేను సగమే నమ్ముతాను. ఈవిడ ఆ మాట అనలేదు.

"పిల్ల మారు వడ్డించమని అడిగింది మేడమ్" అంది. "నేను ఆ ఇంటికొచ్చాక అదే మొదటిసారి."

స్టేషన్ వెనక గదిలో కూర్చున్నాం. ఒక బల్ల, రెండు కుర్చీలు, తలుపు దగ్గర ఖాళీ నీళ్ళ కూజా. ఆవిడ కట్టుకున్న చీర మొన్నటిదే. కొంగు మీద నూనె మరక అలాగే ఉంది. బట్టలు మార్చుకోనివ్వాలన్న జ్ఞానం కూడా ఇక్కడ ఎవరికీ లేకపోయింది.

ఆ ఇంట్లో ఆవిడ పేరు పిన్ని. మొదటి భార్య పోయాక ఆయన ఈవిడని చేసుకున్నాడు. మొదటావిడ కూతురికి ఎనిమిదేళ్ళు, అందరూ పిచ్చుక అంటారు. పిచ్చుకకి వేరుశనగ పడదు. దద్దుర్లు వచ్చి పోయే రకం కాదు, గొంతు వాచి ఊపిరి ఆగిపోయే రకం. మొన్న మధ్యాహ్నం పిన్ని వేయించిపెట్టిన బంగాళదుంపలు తిని, కాసేపటికే పెదాలు నీలంగా మారి పడిపోయింది. ఆసుపత్రివాళ్ళు ఎలాగో బతికించారు. వేరుశనగే అని డాక్టర్లు తేల్చారు. పిల్ల అమ్మమ్మ, అంటే పోయినావిడ తల్లి, అటునుంచి అటే స్టేషన్‌కి వచ్చి, సవతితల్లి కావాలనే పెట్టిందని ఫిర్యాదు ఇచ్చింది. ఈ సాయంత్రం హత్యాయత్నం కింద కోర్టుకి తీసుకెళ్తారు.

"దుంపల్లో ఏమేం వేశారు?" అన్నాను.

"ఉప్పు, మిరియాలు, ఆలివ్ నూనె. ఇంకేం లేదు. పిచ్చుకకి మూకుడు వేరు, గరిటె వేరు, గిన్నెలు తుడిచే గుడ్డ కూడా వేరే. వేరుశనగ అన్న మాట మా ఇంట్లో గట్టిగా అనం కూడా."

"నూనె ఎక్కడిది?"

"పిచ్చుక మేనమామగారి కంపెనీది. పచ్చ లేబులు మీద కొమ్మ బొమ్మ ఉంటుంది చూడండి, అది. ఆయనే ఎప్పుడూ వాళ్ళమ్మగారి చేత ఒక సీసా పంపిస్తారు. మొన్న అది అయిపోయింది. వాళ్ళు నాతో మాట్లాడరు. నోరు తెరిచి అడగలేక బజార్లో కొన్నాను. అదే కంపెనీ, అదే లేబులు."

"ఈ సంగతి ఇన్‌స్పెక్టర్‌కి చెప్పారా?"

"చెప్పాను. అదే కంపెనీ కదమ్మా, ఎక్కడ కొంటే ఏంటి అన్నారు."

నేను పళ్ళు బిగపట్టుకున్నాను.

"పిచ్చుకకి ఆ నూనె అస్సలు నచ్చేది కాదు మేడమ్. గొంతు మండుతోంది పిన్నీ అని మూతి ముడుచుకునేది. బలవంతంగా నాలుగు ముక్కలు తినిపించేదాన్ని. ఆరోజు మాత్రం, బాగున్నాయి పిన్నీ, ఇవాళ గొంతు మండలేదు, ఇంకొంచెం పెట్టవా అంది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు వంట పట్టుబడిందనుకున్నాను. సంతోషంతో గిన్నెంతా ఊడ్చి పెట్టాను."

ఇలాంటివి విన్నప్పుడు జనానికి ఏడుపొస్తుందట. నాకు ఒళ్ళు మండుతుంది. ఒక తల్లి నోటి దగ్గరి సంతోషాన్ని ఎవడో విషం చేశాడు. వాడెవడో తెలిసేదాకా నాకు మంచినీళ్ళు కూడా దిగవు.

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ఇన్‌స్పెక్టర్. ఆయన చొక్కా మడతల మీద వేలు పెడితే తెగుతుంది. అందుకే నేను ఇస్త్రీ అంటాను. ఎదురుగానే అంటాను.

"టైమ్ అయిపోయింది మేడమ్. ప్రైవేటు డిటెక్టివ్‌లకి ఇంతసేపు ఇవ్వడమే ఎక్కువ."

"ఈవిడ చెప్పింది ఒక్క ముక్కైనా రాసుకున్నారా ఇస్త్రీ?"

"రాసుకోవడానికేముంది? నూనె సీసా పరీక్ష చేయించాం. అసలైన ఆలివ్ నూనె, వేరుశనగ జాడే లేదన్నారు. ఇంట్లో ఇంకెక్కడా వేరుశనగ లేదు. అంటే బయటినుంచి ఎవరో తెచ్చి కలపాలి. వండింది ఈవిడ. వడ్డించింది ఈవిడ. కన్నతల్లి కూడా కాదు."

"కనకపోవడం నేరమని ఏ చట్టంలో చదివారు?"

ఆయన కూజా పక్కకి తన్ని దారి చూపించాడు.

*

నన్ను ఈ కేసుకి పెట్టుకున్నది పిచ్చుక తండ్రి. ఇంటి తాళం తీస్తూ, "మా ఆవిడ అలాంటిది కాదండీ" అన్నాడు. లోపల అడుగు పెట్టాక వెనక్కి తిరిగి, "అయినా చేసుంటుందంటారా?" అన్నాడు.

"మీరు నాకు డబ్బిచ్చేది ఆవిణ్ణి బయటికి తేవడానికా, మీ అనుమానం తీర్చుకోవడానికా?"

అతను లైటు వేశాడు. ఇలాంటి మగవాళ్ళని రోజూ చూస్తుంటాను. మంచివాళ్ళే. పెళ్ళాం తరఫున నిలబడమంటే మాత్రం గోడకి ఆనుకుంటారు.

వంటిల్లు చిన్నది. గట్టు మీద గ్యాసుపొయ్యి, పక్కన మసాలా డబ్బాలు, వాటికి దూరంగా విడిగా ఒక అర. ఆ అరలో పిచ్చుక మూకుడు, పిచ్చుక గరిటె. గరిటె పిడికి ఎర్రదారం చుట్టి ఉంది, పొరపాటున కూడా కలవకుండా. విషం పెట్టాలనుకున్న మనిషి గరిటెకి దారం చుట్టదు. ఇస్త్రీ కంటికి ఈ దారం ఆనలేదు.

కిటికీ కింద పిల్లకోసం ఒక పొట్టి బల్ల వేశారు. పిన్ని వంట చేస్తుంటే పిచ్చుక అక్కడే కూర్చుని బొమ్మలు గీస్తుందట. బల్ల మీద గ్లాసులో క్రేయాన్లు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదాని నెత్తిన ఒక్కో తెల్ల టోపీ. ఒకటి తీసి చూశాను. ప్లాస్టిక్ బిళ్ళ, నడుమ చిల్లు.

"ఇవేంటి?"

"నూనె సీసా మూతికి లోపల బిగించే బిరడాలండీ. దాంతో నూనె చుక్కచుక్కగా పడుతుంది. మా ఆవిడకి అంత ఓపిక లేదు. కొత్త సీసా తెరవగానే కత్తిమొన పెట్టి బిరడా పీకేస్తుంది. ఆ కంపెనీ సీసాలు ఎన్ని వచ్చాయో అన్నీ ఇలాగే. పిచ్చుక వాటిని ఏరి వీటికి టోపీలు పెడుతుంది."

ఒక్కోటీ వెలుతురులో తిప్పి చూశాను. ప్రతిదాని అంచునా కత్తి గాటు ఉంది. పచ్చ క్రేయాన్ మీది టోపీ ఇంకా జిడ్డుగా ఉంది. వేలికి అంటిన ఆ జిడ్డు నాలుక మీద రాసుకున్నాను. మెత్తగా, తియ్యగా ఉంది. గొంతులో ఏమీ లేదు. మిగతావి ఎండిపోయాయి.

వీధి తలుపు దగ్గర బూట్ల చప్పుడు. ఇస్త్రీ నా వెనకే వచ్చాడు.

"నేరం జరిగిన చోట వస్తువులు నాకి చూస్తున్నారా మేడమ్?"

"మీరు చూడాల్సినవి చూడకపోతే ఆ పని నాకే పడుతుంది. మీరు సీలు వేసిన సీసా ఫోటో ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"మూత తీసి తీసిన ఫోటో."

విసుక్కుంటూనే ఫోన్ ముందుకు పెట్టాడు. సగం నిండిన సీసా. పచ్చ లేబులు, కొమ్మ బొమ్మ. మూతి మీద తెల్ల బిరడా చక్కగా కూర్చుని ఉంది. అంచు మీద గీత కూడా లేదు.

"ఈ ఇంట్లో నూనె సీసా తెరిచే మనిషి ఒక్కతే" అన్నాను. "తెరవగానే బిరడా పీకుతుంది. పీకినప్పుడల్లా అంచు తెగుతుంది. ఇవిగో, ఒక్కటైనా గాటు లేనిది చూపించండి. మీ సీసాలో నూనె సగం అయిపోయింది, బిరడా మాత్రం కొత్తగా ఉంది. ఆ సగం ఎవరు వాడారు ఇస్త్రీ?"

ఆయన ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు.

"మళ్ళీ పెట్టి ఉండొచ్చు."

"గాటు మాన్పి పెట్టిందా?"

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఆవిడ వాడిన సీసా మీ దగ్గర లేదు. ఎవరో దాన్ని తీసేసి, మంచి నూనె ఉన్న సీసాని సగం వంపేసి అదే చోట పెట్టారు. మీరు దాన్ని భద్రంగా సీలు వేశారు. నూనె మంచిదే కాబట్టి మనిషి చెడ్డదన్నారు. దొంగ చేతికి తాళం ఇచ్చి, ఇంటావిణ్ణి లోపల వేశారు." పచ్చ క్రేయాన్ మీది టోపీ తీసి ఆయన అరచేతిలో పెట్టాను. "ఇది అసలు సీసాది. దీని మీది జిడ్డు పరీక్షకి పంపండి. ఈసారైనా కళ్ళు తెరిచి."

ఆయన దాన్ని కవరులో వేశాడు. ముఖం కందిపోయింది. అయినా పట్టు వదల్లేదు. "బయటివాళ్ళు ఎలా వస్తారు? ఇల్లు తాళం వేసి ఉంది."

పిచ్చుక తండ్రి గొంతు సవరించుకున్నాడు.

"ఒక తాళంచెవి మా అత్తగారి దగ్గర ఉందండీ. మొన్న మేమంతా ఆసుపత్రిలో ఉంటే, పిల్లకి బట్టలు కావాలని మా బావమరిది ఆ తాళంచెవితో ఇంటికి వచ్చి తీసుకెళ్ళాడు."

"మేనమామ" అన్నాను.

"నోరు జాగ్రత్త మేడమ్" అన్నాడు ఇస్త్రీ. "పిల్ల పడిన రాత్రంతా ఆయన ఆసుపత్రిలో నేల మీద కూర్చుని ఏడ్చాడు. నేను చూశాను. ఆయనకి పిల్లంటే ప్రాణం."

"ఏడ్చుంటాడు. నేను కాదనలేదు."

"అయినా మీరు పిల్ల గురించి బెంగపడక్కర్లేదు. వార్డు గుమ్మంలో నా కానిస్టేబుల్ ఉన్నాడు. పిన్ని వైపు నుంచి గుక్కెడు నీళ్ళు కూడా లోపలికి పోవు."

"ఇవాళ్టినుంచి ఇంటి భోజనం పెట్టొచ్చన్నారండీ డాక్టర్లు" అన్నాడు తండ్రి, కాస్త ధైర్యం వచ్చి. "అత్తగారే వండి తీసుకెళ్తానన్నారు. మధ్యాహ్నానికి."

ఆ మాట విన్నాను. విని, దాని పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాను. అప్పటికి నా బుర్రంతా మేనమామ మీదే ఉంది.

*

కంపెనీ అంటే పెద్దదేం కాదు. ఒక పొడుగాటి షెడ్డు. ఒక పక్క స్టీలు ట్యాంకులు, ఇంకో పక్క సీసాలు నింపే మిషను, లేబుళ్ళు అంటించే మిషను. మధ్యాహ్నం విరామం, పనివాళ్ళు బయట ఉన్నారు. చేతులు కడుక్కునే సింకులో పచ్చటి చారలు. రంగు నీళ్ళు వంపిన చారలు. నూనెకి పుట్టుకతో వచ్చిన పచ్చదనం సింకుకి అలా అంటుకోదు.

మేనమామ అద్దాల గదిలో ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. బల్ల మీద పిచ్చుక ఫోటో. ఆ ఫోటో చూసేసరికి నాకు కోపం తగ్గాల్సింది, పెరిగింది.

"కూర్చోండి సార్" అన్నాడు, నన్ను దాటి ఇస్త్రీ వైపు చూస్తూ. "ఆవిడ ఒప్పుకుందా?"

"ఆవిడ ఒప్పుకోవడానికేం లేదు" అన్నాను. "తప్పు నూనెది."

"అసంభవం. ఆ ఇంటికి వెళ్ళే నూనె నా చేతులతో నింపి పంపుతాను. అందులో ఇంకో చుక్క కలవదు."

"మీరు పంపింది అయిపోయింది. ఆవిడ బజార్లో కొంది. మీ కంపెనీదే."

"అందుకే కదా మా అమ్మతో మొత్తుకుంటాను, ఆ ఇంట్లోకి బజారు సీసా రాకూడదని."

అని ఆగిపోయాడు. బయట ఎవరో ఖాళీ డ్రమ్ము దొర్లిస్తున్నారు. 

"ఎందుకు రాకూడదు?" అన్నాను. "అదే కంపెనీ. అదే లేబులు. అదే కొమ్మ. ఇన్‌స్పెక్టర్‌గారు కూడా అదే అన్నారు, ఎక్కడ కొంటే ఏంటని. ఏమంటారు ఇన్‌స్పెక్టర్‌గారూ?"

ఇస్త్రీ నా వైపు చూడలేదు. మేనమామనే చూస్తున్నాడు. కుర్చీ జరుపుకుని ఆయనకి ఎదురుగా కూర్చున్నాడు.

"చెప్పండి" అన్నాడు మెల్లగా. "ఎందుకు రాకూడదు?"

"రుచి తేడా ఉంటుంది సార్. అంతే."

"నేను చెప్తాను తేడా" అన్నాను. "మేలురకం ఆలివ్ నూనె గొంతు దిగేటప్పుడు మండుతుంది, కాస్త చేదుగా ఉంటుంది. మీరు పంపే నూనె తిని పిచ్చుక గొంతు మండుతోందని ఏడ్చేది. బజారు నూనె తిన్నరోజు మండలేదంది, మారు వడ్డించమంది. ఆ నూనె మెత్తగా తియ్యగా ఉంది. నేనూ రుచి చూశాను. అందులో ఏం పోస్తున్నారు?"

"అందరూ చేసేదే మేడమ్" అన్నాడు. ఫోటో వైపు తిరిగి మళ్ళీ అన్నాడు. "అందరూ చేసేదే. మొదట్లో అసలైన నూనే అమ్మాను. గొంతు మండుతోంది, పాడైపోయిందని జనం సీసాలు తిప్పి పంపేవాళ్ళు. వాళ్ళకి అసలుది నచ్చదు. తేలిగ్గా ఉండాలి, పచ్చగా కనపడాలి, లేబులు మీద అసలైనదని రాసి ఉండాలి. అదే ఇస్తున్నాం."

"ఏం పోస్తున్నారని అడిగాను."

"కొంచెం ఆలివ్. మిగతాది చవక నూనెలు. ఒక్కోసారి పొద్దుతిరుగుడు. ఒక్కోసారి…"

"అనండి."

"వేరుశనగ. సరిగ్గా శుద్ధి చెయ్యనిది. కాస్త చిక్కదనం ఉంటుందని."

నేను లేచి నిలబడ్డాను. కూర్చుంటే చేతులు ఏం చేస్తాయో నాకే నమ్మకం లేదు.

"లేబులు మీద ఆ ఒక్క మాట రాసుంటే పిన్ని ఆ సీసా ముట్టుకునేది కాదు. గరిటెకి దారం చుట్టుకునే మనిషి ఆవిడ. మీ మేనకోడలికి మంచిది విడిగా నింపి పంపారు. అంటే మీకు తెలుసు. ప్రతి సీసా మీదా అబద్ధం అంటించేటప్పుడు, ఇది తింటే చచ్చిపోయే పిల్లలుంటారని మీకు బాగా తెలుసు. మీ ఇంటి పిల్ల ఒక్కతి తప్పించుకుంటే చాలనుకున్నారు. ఊళ్ళో పిల్లలకి మేనమామలు లేరా?"

"నేను కావాలని చెయ్యలేదు. పిచ్చుక నా అక్క కూతురు."

"అది పడిపోతే ఏం చేశారు? వెళ్ళి డాక్టర్‌కి చెప్పారా? తాళంచెవి తీసుకుని సీసా మార్చారు. దాన్ని పెంచే మనిషిని జైలుకి పంపారు. మీ అమ్మ ఆవిణ్ణి తిడుతుంటే పక్కన నిలబడి విన్నారు."

తల బల్ల మీద పెట్టేశాడు. జాలి పడాల్సిన చోటే. నాకు రాలేదు.

"తెచ్చిన సీసా ఎక్కడ?" అన్నాడు ఇస్త్రీ. అది మాత్రం సరైన ప్రశ్న. ఒప్పుకుంటాను.

"పారబోద్దామనే కార్లో పెట్టాను సార్. ఆసుపత్రి నుంచి అమ్మని ఇంటి దగ్గర దింపుతుంటే సీటు కింద చూసింది. పారెయ్యడానికన్నాను. సగం సీసా నూనె పారేస్తావేంట్రా అని ఇంట్లోకి పట్టుకుపోయింది."

"ఊరుకున్నారా?"

"మా ఇంట్లో ఎవరికీ వేరుశనగతో ఇబ్బంది లేదు. వద్దంటే ఎందుకు వద్దని అడుగుతుంది. నా నూనె గురించి మా అమ్మకి ఏమని చెప్పను?"

అప్పుడు గుర్తొచ్చింది, నేను పక్కనుంచి దాటి వచ్చిన మాట. 

"ఇవాళ పిచ్చుకకి భోజనం వండుతున్నది మీ అమ్మగారు" అన్నాను.

తల ఎత్తాడు. ఒక క్షణం అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక ఆ ముఖం చూడలేకపోయాను. ఫోన్ తీసి అమ్మకి చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు.

"ఆసుపత్రిలో సైలెంట్‌లో పెట్టుకుంటుంది" అన్నాడు. మూడోసారి చేశాడు.

ఇస్త్రీ అప్పటికే కానిస్టేబుల్‌కి కలిపి స్పీకరు పెట్టాడు.

"వార్డు దగ్గరే ఉన్నావా?"

"గుమ్మంలోనే ఉన్నా సార్. పిన్నిగారి తరఫున ఎవరూ రాలేదు."

"లోపల ఎవరున్నారు?"

"అమ్మమ్మగారు సార్. క్యారియర్ తెచ్చారు. నేను మూతలు తీయించి చూసే పంపాను. వేయించిన దుంపలు. పిన్నిగారి వంట కాదు సార్, ఆవిడ సొంతంగా చేసుకొచ్చారు. మీరు భయపడకండి."

"లోపలికెళ్ళి ఆ గిన్నె లాక్కో. నర్సుని పిలు. ఇప్పుడే."

"అమ్మమ్మగారిదా సార్?"

"చెప్పింది చెయ్యి."

పరుగెత్తిన అడుగుల చప్పుడు. తలుపు తోసిన చప్పుడు. మేనమామ లేచి ఆ ఫోన్ మీదికి వంగాడు. ఫోన్‌లో స్టీలు గిన్నె మీద చెంచా గీరుకుంది. ఎవరో ముద్దుగా నవ్వారు, ముసలి నవ్వు. ఆ వెనకే ఒక చిన్న గొంతు, నీరసంగా, కానీ సంతోషంగా:

"ఇంకొంచెం పెట్టవా అమ్మమ్మా. నీది కూడా గొంతు మండలేదు."